విమర్శ రాయబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

వ్యాసం అందింది. ఉత్తరం చివర నువ్వు అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. ‘నేను గేనన్న సంగతి నా విమర్శలో కనబడవచ్చా?’ అన్నావు. ఇంట్లో ఎవరికి, ఎప్పుడు చెప్పుకుంటావన్నది పూర్తిగా నీ ఇష్టం. అందులో తొందరపెట్టే హక్కు ఏ సంపాదకుడికీ లేదు, నాకూ లేదు. కానీ చదివేటప్పుడు నీ కంటికి ఆనినదాన్ని చూడనట్టు మాత్రం రాయకు.

డేనియల్ మెండెల్‌సన్ అని అమెరికన్ విమర్శకుడు, వ్యాసకర్త, అనువాదకుడు ఉన్నాడు. కుర్రతనంలో అతను మేరీ రెనోకి ఉత్తరం రాశాడు. ప్రాచీన గ్రీసు నేపథ్యంలో, మగవాళ్ళ మధ్య ప్రేమను దాచకుండా నవలలు రాసినావిడ. దక్షిణాఫ్రికా నుంచి ఆవిడ జవాబిచ్చింది. 1983లో పోయేదాకా ఉత్తరాలు నడిచాయి. (నీకు జవాబు రాయడానికి నేను బద్ధకించకపోవడానికి అదీ ఒక కారణమే.) తర్వాత మెండెల్‌సన్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ సాహిత్యాల్లో డాక్టరేట్ చేసి కూడా, 1990లలో న్యూయార్క్ చేరి పత్రికలకు రాస్తూ బతకడానికి సిద్ధపడ్డాడు.

2006లో ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ సినిమా మీద అతను రాసిన వ్యాసం వెతికి చదువు. గొర్రెలు కాసే పనిలో కలిసిన ఇద్దరు మగవాళ్ళ కథ అది. ‘గే సినిమా అనకండి, ఇది అందరి ప్రేమకథ’ అని సమీక్షకులు తెగ మెచ్చుకుంటున్న రోజులు. ఆ మెప్పులోనే మోసం ఉందన్నాడు మెండెల్‌సన్. రోమియో జూలియట్‌లకు అడ్డుపడింది కుటుంబాల పగ. తమ ప్రేమ తప్పు అని వాళ్ళిద్దరూ ఎన్నడూ అనుకోలేదు. ఇక్కడ శత్రువు లోపలే కూర్చున్నాడు: చిన్ననాడే ఎక్కించిన భయం, తన మీద తనకే రోత. దాచుకుని బతకాల్సినవాళ్ళకే ఎదురయ్యే విషాదమిది. దాన్ని అందరిదీ చేస్తే కథే మాయమవుతుంది.

నీ వ్యాసం మూడో పేరాలో ‘సార్వజనీనమైన ప్రేమ’ అన్నావు చూడు, అది కొట్టెయ్యి.

అలాగని అనుభవం ఒక్కటే చాలదు. మెండెల్‌సన్ అనువదించిన కవాఫీ కవితలు 2009లో వచ్చాయి. కవాఫీ అలెగ్జాండ్రియాలో నీటిపారుదల కార్యాలయపు గుమాస్తా, గ్రీకు కవి. అతని ప్రేమ కవితలను ఇష్టంగా చదివేవాళ్ళు చాలామంది బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) రాజుల కవితలు రాగానే పేజీ తిప్పేస్తారు. మెండెల్‌సన్ తిప్పలేదు. ఆ రాజులెవరో, ఏ రాజ్యం ఎలా కూలిందో ఓపికగా విస్తారమైన వివరణలు రాశాడు. రెండు రకాల కవితల్లోనూ అసలు వస్తువు గడిచిపోయిన కాలమేనన్నాడు. ఆ మాట అనగలగడానికి వెనక ఎంత చదువు ఉందో ఆలోచించు. నీ వయసువాళ్ళకు ఈ భాగం నచ్చదని తెలుసు.

నువ్వు పంపిన కన్నడ కథ అనువాదం సగం చూశాను. సంభాషణలు బాగున్నాయి, వర్ణనల దగ్గర తడబడ్డావు. మూలం జిరాక్సు తీసి పంపు. అది పక్కన లేకుండా మిగతా సగం మీద ఏమీ చెప్పను.

ఉంటాను.