బండి మేస్త్రి జవాబులు: ప్యాడ్లు కొత్తవే, బ్రేక్ మాత్రం పడట్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బ్రేకుల గురించే. విజయనగరంలో నా షెడ్డుకి వచ్చే బండ్లదీ అదే వరస. ప్యాడ్లు మారుస్తారు, వాటిని డిస్క్‌కి నొక్కే కాలిపర్ ముట్టుకోరు. తర్వాత తప్పంతా ప్యాడ్ల మీదకి నెట్టేస్తారు. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది 150 సీసీ బండి. ముందు డిస్క్ ప్యాడ్లు అరిగిపోతే కొత్తవి కొని ఇంట్లో నేనే మార్చాను. పిస్టన్ లోపలికి వెళ్లకపోతే కాలిపర్ మీదున్న చిన్న నిపుల్ వదులు చేసి నొక్కాను, వెళ్లింది. ఇప్పుడు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. నాలుగైదుసార్లు గబగబా నొక్కితే గట్టిపడుతుంది, కాసేపటికి మళ్లీ మెత్తగా అయిపోతుంది. రోజూ టెక్కలి వెళ్లి రావాలి, హైవే మీద చాలా టెన్షన్‌గా ఉంది. నాకు నకిలీ ప్యాడ్లు అంటగట్టారా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బండిని హైవే ఎక్కించడం ఆపు. బ్రేక్ బాగయ్యేదాకా టెక్కలికి బస్సులో వెళ్లు. మిగతా సంగతి తర్వాత.

ప్యాడ్లు నకిలీవైతే బ్రేక్ సరిగ్గా పట్టదు, చప్పుడు చేస్తుంది, తొందరగా అరిగిపోతుంది. లివర్ హ్యాండిల్ దాకా రావడం మాత్రం ప్యాడ్ల వల్ల కాదు, ఆయిల్ లైన్లో జరిగిన పని. పాత ప్యాడ్లు అరిగేకొద్దీ, కాలిపర్ లోపల వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతూ వస్తాయి. కొత్తవి మందంగా ఉంటాయి కాబట్టి ఆ పిస్టన్లను వెనక్కి నెట్టాలి. అప్పుడు పిస్టన్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నిండేదాకా మొదటి కొన్ని నొక్కులకు లివర్ ఊరికే లోపలికి పోతుంది. ఇది ప్రతి బండికీ ఉండేదే. ప్యాడ్లు మార్చాక చక్రం కదలకముందే లివర్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. ఇది చేయకుండా బండి తీసి, మొదటి మలుపులోనే గోడకి గుద్దినవాళ్లు ఉన్నారు.

నీ బండికి వచ్చింది అది కాదు. అదే అయితే ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ మెత్తబడదు. నువ్వు నిపుల్ వదులు చేశానన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. నొక్కడం ఆపాక కూడా నిపుల్ తెరిచి ఉంటే అక్కడి నుంచి గాలి లోపలికి పోతుంది. నూనె నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. సిరంజిలో గాలి ఉంచి మూతి దగ్గర వేలు అడ్డం పెట్టి నొక్కితే ఎలా సాగుతుందో, నీ లివర్ అలా సాగుతోంది. గబగబా నొక్కితే గాలి ఒకచోట నలిగి కాసేపు గట్టిగా అనిపిస్తుంది, అంతే.

గాలి తీయాలి. 8 నంబర్ రింగ్ స్పానర్, నిపుల్‌కి బిగుతుగా పట్టే సన్నని పారదర్శక ట్యూబు, ఒక ఖాళీ సీసా, సీలు తీయని కొత్త బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటే చాలు. ఏ ఆయిల్ పొయ్యాలో హ్యాండిల్ మీదున్న బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీదే రాసి ఉంటుంది, డాట్ 3 అనో డాట్ 4 అనో. డాట్ 5 మాత్రం పొయ్యకు, అది సిలికాన్ రకం, వీటితో కలవదు. ఆయిల్ పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది కాబట్టి పెట్రోలు ట్యాంకు మీద తడిబట్ట పరిచి మొదలుపెట్టు. హ్యాండిల్ తిప్పి బ్రేక్ ఆయిల్ ట్యాంకు సమంగా ఉండేలా చూసి మూత తియ్యి. ట్యూబు ఒక కొస నిపుల్‌కి తొడిగి, రెండో కొస సీసాలో కొద్దిగా పోసిన ఆయిల్లో మునిగేలా పెట్టు.

లివర్ మూడు నాలుగుసార్లు నొక్కి, నొక్కిపట్టి ఉంచు. పక్కన ఇంకొకరు ఉంటే ఈ పని తేలిక. నిపుల్ పావు చుట్టు వదులు చెయ్యి. ఆయిల్‌తో పాటు బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే లివర్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలిని మళ్లీ లోపలికి పీల్చేస్తుంది. ట్యూబులో బుడగలు ఆగి, ఆయిల్ మాత్రమే వచ్చేదాకా ఇలాగే చేస్తూ పో. మధ్యలో ట్యాంకులో ఆయిల్ ఎంతుందో చూస్తూ ఉండు. అది అడుగుకి చేరిందా, పైనుంచి గాలి పట్టేస్తుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. చివర్లో లివర్ నొక్కి రబ్బరు ట్యూబుతో కట్టి రాత్రంతా వదిలేస్తే మిగిలిన చిన్న బుడగలు మెల్లగా పైకి చేరతాయి. పాత మేస్త్రీలందరూ చేసే పని ఇది, నేనూ చేస్తాను.

ఇంత చేసినా లోపం పోకపోతే ఒక పరీక్ష ఉంది. లివర్ గట్టిగా నొక్కి అరనిమిషం అలాగే పట్టుకో. నీ చేతిలోనే మెల్లగా లోపలికి దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా లివర్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు పోయింది. పిస్టన్ చుట్టూ, గొట్టం జాయింట్ల దగ్గర తడి ఉందేమో చూడు. ఎక్కడా తడి లేకపోతే కప్పు అనుమానించాలి, దాని కిట్ దొరుకుతుంది. బండికి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉంటే మాత్రం ఇంట్లో ఎక్కువ పెనుగులాడకు. ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి చేరితే కొన్ని బండ్లకు కంప్యూటర్ పెట్టి తీయాల్సి వస్తుంది, ఆ పని సర్వీస్ సెంటర్లోనే అవుతుంది.

ఇంకో సంగతి. నీ పిస్టన్ ఎందుకు లోపలికి వెళ్లలేదో ఆలోచించావా? వరి నాట్ల రోజుల్లో మన రోడ్ల మీద ట్రాక్టర్లు వదిలే బురద అంతా ముందు చక్రానికి చిమ్మి కాలిపర్లో ఎండిపోతుంది. ఆ మురికితోనే పిస్టన్‌ని లోపలికి తోస్తే సీలు గీరుకుపోతుంది. నెట్టేముందు పాత టూత్ బ్రష్‌కి బ్రేక్ ఆయిల్ అద్ది పిస్టన్ బయటి భాగమంతా శుభ్రంగా తుడవాలి. ఈ పని చేస్తే పిస్టన్ చాలావరకు వేళ్లతోనే వెళ్లిపోతుంది, నిపుల్ జోలికి వెళ్లే అవసరమే రాదు.

ప్రశ్న: నాది 125 సీసీ స్కూటరు, ముందు డిస్క్ బ్రేక్. కొత్త ప్యాడ్లు వేయించిన దగ్గర్నుంచి బ్రేక్ కొట్టినప్పుడల్లా కీచుమని శబ్దం. ఎడమ లివర్ నొక్కినా ముందు నుంచే వస్తోంది. షాపులో అడిగితే ఏదో స్ప్రే కొట్టి పంపారు. రెండు రోజులు ఆగింది, తర్వాత బ్రేకే సరిగ్గా పడట్లేదు. వచ్చే సెలవుల్లో పిల్లలతో అరకు వెళ్దామనుకుంటున్నాం.
– ఒక ఉపాధ్యాయురాలు, శృంగవరపుకోట

జవాబు: అమ్మా, మీ స్కూటరుకి ఎడమ లివర్‌తో ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది, అందుకే ఏది నొక్కినా చప్పుడు అక్కడి నుంచే వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లకు ఇలా రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటుగానీ ఏబీఎస్‌గానీ తప్పనిసరి చేశారు. అది లోపం కాదు.

స్ప్రే సంగతి మాత్రం నాకు బాధగా ఉంది. వాళ్లు కొట్టింది తుప్పు వదిలించే స్ప్రే అయి ఉంటుంది, అందులో నూనె ఉంటుంది. నూనె డిస్క్ మీద పడితే చప్పుడు ఆగుతుంది, ఎందుకంటే ప్యాడ్ పట్టడం మానేసి జారుతోంది. ప్యాడ్ ఆ నూనెని పీల్చుకుంటుంది. దాన్ని ఎమరీ పేపర్‌తో గీకినా, ఎండలో పెట్టినా నమ్మలేం. కొత్త జత కొనండి, అంతకంటే దారి లేదు. డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడిపించి, ప్యాడ్ వెనక ఉండే పల్చటి రేకు మళ్లీ పెట్టారో లేదో దగ్గరుండి చూడండి. పాత ప్యాడ్లతో పాటు ఆ రేకు చెత్తలో పోవడం నేను చాలాసార్లు చూశాను. కీచుమనడానికి అదొక్కటే చాలు.

కొత్త జత వేశాక బ్రేక్ సర్దుకోవడానికి టైం ఇవ్వాలి. ఖాళీ రోడ్డు మీద నలభై వేగం నుంచి పది దాకా, గట్టిగా కాకుండా మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో కాసేపు చల్లారనిస్తూ ఇరవై ముప్ఫైసార్లు చెయ్యండి. తర్వాత కూడా రెండు మూడు వందల కిలోమీటర్ల దాకా సడన్ బ్రేక్ అవసరం పడకుండా నడపండి. ఆ తర్వాతే అరకు. కొత్త ప్యాడ్లు వేసిన మర్నాడే అనంతగిరి ఘాట్ ఎక్కకండి.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. స్కూటరుకి గేర్లు ఉండవు కాబట్టి ఇంజను అంతగా వేగాన్ని ఆపదు, భారమంతా బ్రేకుల మీదే. లివర్ నొక్కిపట్టి ఉంచకుండా, వేగం తగ్గించి వదిలి, మళ్లీ నొక్కండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగేది కూడా అదే ప్రమాణంలోకి వస్తుంది. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి, సరిగ్గా ఘాట్ మధ్యలో లివర్ మెత్తబడుతుంది. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఈ ప్రయాణానికి ముందే మార్పించండి. దారిలో చక్రం దగ్గర కాలిన వాసన వస్తే బండి పక్కకి ఆపి చల్లారనివ్వండి. వేడి డిస్క్ మీద నీళ్లు పొయ్యొద్దు, వంకర పోతుంది.

ప్రశ్న: ప్యాడ్లు మార్చాక ముందు చక్రం బిగుసుకుంటోంది. రెండు కిలోమీటర్లకే డిస్క్ వేడెక్కిపోతోంది. ప్యాడ్లు అరగదీయాలా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: అరగదీయొద్దు బాబూ. చక్రం పైకెత్తి చేత్తో తిప్పితే సన్నగా రాసుకునే శబ్దం వచ్చినా పర్వాలేదు, ఆగిపోతే మాత్రం లోపమే. పాత ప్యాడ్లు అరిగి ఆయిల్ తగ్గినప్పుడు ఎవరో ట్యాంకు నిండా పోసి ఉంటారు. ఇప్పుడు పిస్టన్లు వెనక్కి వచ్చాయి కాబట్టి ఆ ఆయిల్‌కి చోటు లేదు. పై గీత దాటి ఉంటే తీయించు.

సముద్రం ఒడ్డున ఉన్నావు కాబట్టి నా అనుమానం కాలిపర్ జరిగే పిన్నుల మీదే ఎక్కువ. ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. కాలిపర్ చేత్తో అటూ ఇటూ జరగాలి. జరగకపోతే పిన్నులు తీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పల్చగా రాయించు. బేరింగుల గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ ఇదే పరిస్థితి.

ప్రశ్న: నాది డ్రమ్ బ్రేకు. కొత్త షూలు వేశాక పాతవాటికంటే తక్కువ పడుతోంది.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: డ్రమ్ లోపలి గోడకి ఒత్తుకుని బండిని ఆపేది షూ. కొత్తది మొదట్లో డ్రమ్‌కి అక్కడక్కడా మాత్రమే తగులుతుంది, కొన్ని రోజులు నడిస్తే పూర్తిగా ఆనుకుంటుంది. ఈలోగా రాడ్ చివర ఉన్న నట్టు తిప్పి పెడల్ ఆట సరిచేయించు. చక్రం ఖాళీగా తిరగాలి, పెడల్ కొద్దిగా దిగగానే బ్రేక్ పట్టాలి. వారం దాటినా మారకపోతే డ్రమ్ విప్పి గ్రీజు మరక ఉందేమో చూడమను.