హౌసింగ్ అసోసియేషన్ ఇంటికి బూజు పడితే కౌన్సిల్ ఏం చేయగలదు?

మీ ప్రశ్న ఇలా అర్థమైంది: ఇంగ్లండ్‌లో హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే, లాభాపేక్ష లేని సంస్థ) ఇంట్లో ఉంటున్నారు, పడకగది గోడకు బూజు పట్టింది, రెండుసార్లు చెప్పినా ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. కౌన్సిల్‌కు, అంటే స్థానిక పాలక సంస్థకు, ఫోన్ చేస్తే ‘ఆ ఇల్లు మాది కాదు’ అన్నారు. మరి అసోసియేషన్‌ను అడిగేవారెవరు, గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చేయిస్తారా అన్నది మీ భయం.

నాకూ అచ్చంగా అదే జవాబు చెప్పారు. అది నిజమే, కాకపోతే సగం నిజం. హౌసింగ్ అసోసియేషన్ స్వతంత్ర సంస్థ. మన దగ్గర కలెక్టరు కింది అధికారిని పిలిచి మందలించినట్టు ఇక్కడ కౌన్సిల్ వాళ్లను మందలించలేదు. కానీ అదే కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగం వేరే ఉంటుంది. 2004 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం ఇంటిని తనిఖీ చేసి, ఆరోగ్యానికి ప్రమాదం ఉందని తేలితే బాగుచేయమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం దానికి ఉంది. హౌసింగ్ అసోసియేషన్లకూ ఇది వర్తిస్తుంది. మీ ఫోను బహుశా హౌసింగ్ విభాగానికి వెళ్లి ఉంటుంది. (ఇల్లు కౌన్సిల్ సొంతదే అయితే ఈ దారి పనికిరాదు. తనకు తానే నోటీసు ఇచ్చుకోలేదు కదా!)

మా ఇంట్లో గొడవ 2023 చలికాలంలో మొదలైంది. బీరువా వెనక గోడ నల్లబడింది. అసోసియేషన్ పంపిన మనిషి గోడ కడిగి, బూజు నిరోధక రంగు వేసి వెళ్లాడు. నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. అలా మూడుసార్లు. మూడోసారి వచ్చినాయన వంటగదిలోకి తొంగిచూసి ‘మీరు అన్నం ఎక్కువ వండుతారు, ఆవిరి వల్లే ఇదంతా’ అన్నాడు. అన్నం వండేది వంటగదిలో, బూజు పట్టింది ఇంటికి ఆ చివరనున్న పడకగదిలో! అద్దెదారుల జీవన విధానాన్ని తప్పుపట్టి తప్పించుకోవద్దని హౌసింగ్ అంబుడ్స్‌మన్ (అద్దెదారుల ఫిర్యాదులను విచారించే స్వతంత్ర వ్యవస్థ) 2021లోనే నివేదిక ఇచ్చిన సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిసుంటే అక్కడే అనేసేదాన్ని.

చివరికి ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అధికారి వచ్చింది. చెమ్మను కొలిచే చిన్న పరికరం గోడ పొడవునా ఆనించి చూసి, బయటికి వెళ్లి తల పైకెత్తి చూసింది. చూరు వెంబడి ఉన్న వాననీటి కాలువ అతుకు దగ్గర విడిపోయి, నీరంతా గోడలోకి దిగుతోంది. పది నిమిషాల్లో తేలిన విషయం. నోటీసు దాకా వెళ్లనే లేదు, ఆమె రాసిన ఒక్క ఉత్తరానికే మూడు వారాల్లో పని అయిపోయింది.

రెండో దారి మా వార్డు కౌన్సిలర్ చూపించాడు. కౌన్సిళ్లకు స్క్రూటినీ కమిటీలు ఉంటాయి, అంటే పనితీరును పరిశీలించి ప్రశ్నించే కౌన్సిలర్ల బృందాలు. హౌసింగ్ అసోసియేషన్ అధికారులను పిలిచి అందరి ముందు ప్రశ్నలు వేయవచ్చు. రాకపోతే బలవంతం చేయలేరు, సిఫారసు చేయగలరే తప్ప ఆదేశించలేరు. అయినా వస్తారు. కొత్త ఇళ్లకు స్థలం కావాలన్నా, అనుమతులు కావాలన్నా కౌన్సిల్‌తోనే పని మరి. ముందుగా రాసి పంపితే మా కౌన్సిల్‌లో ప్రజలకు మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారు. నేను వెళ్లాను. చేతిలో కాగితం వణికింది, అది వేరే సంగతి. మా గోడ గురించి మూడుసార్లూ ‘పని పూర్తయింది’ అని రికార్డులో ఉందని చెప్పాను. ఒక కౌన్సిలర్ వెంటనే, ‘పూర్తయిందని ఎవరు చెప్పాలి, మీ మనిషా, ఆ ఇంట్లో ఉండేవారా?’ అని అడిగింది. వచ్చిన అధికారి కాసేపు కాగితాలు తిరగేశాడు. ఫిర్యాదు మూసేముందు అద్దెదారుకు ఫోన్ చేయాలని కమిటీ సిఫారసు చేసింది. నాలుగు నెలల తరువాత నిజంగానే ఫోన్లు రావడం మొదలైంది.

మీ విషయంలో నాకంటే మీ చేతిలో ఎక్కువ ఉంది. రోచ్‌డేల్‌లో హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లో బూజు పీల్చి 2020 డిసెంబరులో చనిపోయిన రెండేళ్ల పిల్లవాడు అవాబ్ ఇషాక్ పేరు మీద వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో అమల్లో ఉన్నాయి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే చెప్పిన 10 పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి. ప్రమాదం ఉందని తేలితే ఆ తరువాత 5 పనిదినాల్లో దాన్ని తొలగించాలి. ప్రాణాపాయం లాంటి అత్యవసరమైతే 24 గంటలే.

అందుకే ఫోన్ మాటలు వదిలేసి ఈరోజే ఈమెయిల్ పంపండి, తేదీ కనిపించే ఫొటోలు జతచేయండి. ‘ఇది ఫిర్యాదు’ అని స్పష్టంగా రాయండి. ఆ మాట లేకపోయినా ఫిర్యాదుగానే తీసుకోవాలని అంబుడ్స్‌మన్ నియమావళి చెబుతుంది, అయినా రాయండి. అందినట్టు తెలిపాక మొదటి దశ జవాబుకు 10 పనిదినాలు, అది నచ్చకపోతే రెండో దశకు 20. అక్కడా తేలకపోతే నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఒకప్పుడు కౌన్సిలర్ ద్వారా వెళ్లడమో, 8 వారాలు ఆగడమో ఉండేది. 2022 అక్టోబరు నుంచి అది తీసేశారు. మరమ్మతు చేయించడం, పరిహారం ఇప్పించడం అంబుడ్స్‌మన్ చేతిలో పని. ఈ సంస్థలపై నిఘా ఉంచే రెగ్యులేటర్‌కు కూడా రాయమని కొందరు చెబుతారు. అది సంస్థ మొత్తం తీరును చూస్తుంది, మీ ఒక్క గోడ సంగతి తేల్చదు.

ఇక ఖాళీ చేయించడం గురించి. కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని పంపలేరు, ఫిర్యాదు చేయడం అందుకు కారణం కాదు. అద్దె బాకీ మాత్రం కారణమవుతుంది. మా పై అంతస్తులో ఒకాయన కోపంతో రెండు నెలలు అద్దె ఆపేశాడు. దాంతో బూజు గురించి అడగాల్సిన మనిషి, బాకీ గురించి సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చున్నాడు.