రెడ్ వైన్ తియ్యగా కాకుండా వగరుగా ఎందుకు ఉంటుంది?

మొదటిసారి తాగినవాళ్లకు వచ్చే సందేహమే ఇది. ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మార్చేస్తుంది కాబట్టి చాలా వైన్లలో తీపి మిగలదు. వగరు మాత్రం తొక్కలో, గింజల్లో ఉండే టానిన్ల వల్ల. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, అందుకే నోరు ఎండినట్టవుతుంది. పాలు కలపని చిక్కటి టీ డికాషన్ ఒక గుక్క తాగి చూడండి, నాలుక అచ్చం అలాగే పట్టేస్తుంది.

రెడ్ వైన్‌ను తొక్కలతోనే పులియబెడతారు. వైట్ వైన్‌కు తొక్కలు ముందే తీసేస్తారు కాబట్టి అందులో పులుపే ముందు తగులుతుంది.

రెడ్‌లో కాబెర్నే సావిన్యో అనే ద్రాక్ష రకంతో చేసింది బాగా వగరు, పినో న్వార్ రకంతో చేసింది తేలిక. కొత్తవాళ్లకు నేనైతే నాసిక్ శెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చెబుతాను. చల్లగా తాగితే పండ్ల వాసన వస్తుంది, చాలావాటిలో కాస్త తీపి కూడా ఉంటుంది.