యుద్ధానికి కట్టిన కోటలో కాపురం ఎలా చేశారు? పోవిస్ కోట చూసొచ్చిన అనుభవం

బ్రిటన్‌లో కోటలంటే మొండిగోడలే కనిపిస్తున్నాయి, ఈమధ్య దాకా మనుషులు కాపురమున్న మధ్యయుగపు కోట ఏదైనా ఉందా, శత్రువుల కోసం కట్టింది ఇల్లుగా ఎలా మారుతుంది అని అడిగారు. ఇలాంటివి చాలానే ఉన్నాయి కానీ నేను చెప్పగలిగేది పోవిస్ కోట గురించి. వేల్స్‌లో, ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గరగా వెల్ష్‌పూల్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. రెండుసార్లు వెళ్లాను. రెండోసారి బందరు నుంచి వచ్చిన మా నాన్నను తీసుకెళ్లాను. దూరం నుంచి చూడగానే ఆయన అడిగిన మొదటి మాట: "ఇది కోటా, జమీందారు బంగళానా?"

రెండూ నిజమే. ముందు కోట సంగతి. వేల్స్‌లో పేరున్న కాన్వీ, కేర్నార్వన్ లాంటివి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను అణచడానికి కట్టించినవి. పోవిస్ అలా కాదు, వెల్ష్ రాజు గ్రిఫిద్ అప్ గ్వెన్‌విన్‌విన్‌ది. ఈయన సాటి వెల్ష్ రాజు లెవెలిన్‌తో గొడవపడి ఇంగ్లండ్ రాజు పక్షం చేరాడు. 1274లో లెవెలిన్ ఈయన్ని తరిమేశాడు. 1277లో ఎడ్వర్డ్ గెలిచాక తిరిగొచ్చి ఎర్రరాతితో ఈ కోట మొదలుపెట్టాడు. ఆ రంగు వల్లే వెల్ష్ భాషలో దీనికి ఎర్రకోట అని అర్థం వచ్చే పేరుంది. పడమటి గుమ్మానికి అటూ ఇటూ బొద్దుగా రెండు గుండ్రటి బురుజులు, మధ్యలో ఇరుకు దారి. అక్కడ నిలబడితే మాత్రం బంగళా అన్న మాట గుర్తుకు రాదు.

ఇల్లయింది 1587 తర్వాత. ఆ ఏడు సర్ ఎడ్వర్డ్ హెర్బర్ట్ దీన్ని కొన్నాడు. కొన్నాక చేసిన పెద్ద పని లాంగ్ గ్యాలరీ, అంటే పొడవాటి నడవా లాంటి గది. 1590ల మొదట్లో పూర్తయింది, పైకప్పు నిండా సున్నపు నగిషీ. వాన పడే రోజుల్లో ఇంట్లోనే నడవడానికి, వచ్చినవాళ్లకు పూర్వీకుల బొమ్మలు చూపించుకోవడానికి ఆ కాలం పెద్దిళ్లలో ఇలాంటి గది తప్పనిసరి. బయట బురుజులు అలాగే ఉన్నాయి, లోపల మాత్రం షికారు! ఇదేమీ యుద్ధాలు అయిపోయాక కుదిరిన సుఖం కాదు. 1644లో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, పార్లమెంటు సైన్యం ఈ కోటను పట్టుకుంది. అప్పటికి ఆ గ్యాలరీకి యాభై ఏళ్లు.

ఆ యుద్ధంతో పోయిన రాచరికం తిరిగొచ్చాక 1660లలో ఒక రాజపడకగది చేయించారు. మంచం ఉన్న భాగాన్ని మిగతా గది నుంచి విడదీస్తూ గుడి గర్భాలయం ముందు కటకటాల్లా చెక్క పిట్టగోడ ఉంటుంది. ఇలాంటి ఏర్పాటు బ్రిటన్‌లో మిగిలింది ఇదొక్కటే అంటారు. మా నాన్న దాని ముందు నిలబడి "నిద్రపోవడానికి కూడా ప్రోటోకాలా" అన్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది తోట. కోట ఎత్తయిన రాతి మీద ఉంది. శత్రువు ఎక్కలేకుండా ఎంచుకున్న చోటు అది. 1680లలో అదే ఏటవాలును తొలిచి నాలుగు అంతస్తుల తోటగా మార్చారు. సీసపు బొమ్మలు, ఇటుక గోడలు, ఇప్పుడు మేఘాల్లా ఉబ్బిపోయిన యూ అనే సతతహరిత చెట్ల కంచెలు. రక్షణ కోసం ఉన్న ఏటవాలు షోకుకు పనికొచ్చింది. కోట ఇల్లు కావడమంటే ఏమిటో ఒక్కచోట చూడాలంటే కింది పచ్చిక దగ్గరికి దిగి పైకి చూడండి.

ఆ తోట ఈనాటికీ మిగలడానికి కారణం, నా లెక్కలో, దరిద్రం. 1688లో కేథలిక్ రాజు రెండో జేమ్స్ గద్దె పోయి పారిపోతే, కేథలిక్ అయిన ఇంటి యజమాని కూడా ఆయన వెంటే దేశం విడిచాడు. కోట వేరేవాళ్ల చేతిలోకి పోయి 1722లో గానీ తిరిగి రాలేదు. ఆ తర్వాతా అప్పులే. 18వ శతాబ్దంలో మిగతా జమీందార్లు పాత తోటలు పీకేసి, సహజంగా కనిపించే పచ్చిక మైదానాలు వేయించుకుంటుంటే వీళ్ల దగ్గర అందుకు డబ్బు లేదు. అలా పాతది బతికిపోయింది.

డబ్బు వచ్చింది మన వైపు నుంచి. 1784లో ఈ ఇంటి ఆడపడుచు హెన్రియెట్టా, రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్‌ను పెళ్లి చేసుకుంది. ఈ ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నర్. టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది, రాయలసీమ జిల్లాలు నిజాం నుంచి కంపెనీకి పోయింది ఆయన హయాంలోనే. హెన్రియెట్టా అన్న 1801లో పెళ్లి కాకుండానే చనిపోవడంతో ఆస్తి ఈ కుటుంబానికి వచ్చింది, 1804లో ఎడ్వర్డ్‌కు ఎర్ల్ బిరుదు దక్కింది. కొడుకు క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ అని పెట్టుకున్నాడు. సొమ్ము క్లైవ్‌ది, పరువు హెర్బర్ట్‌ది.

అందుకే కోటలో క్లైవ్ మ్యూజియం అని ఒకటుంది. టిప్పు సింహాసనం మీది బంగారు పులితల, రాళ్లు పొదిగింది, అక్కడే ఉంది. పూల అద్దకంతో టిప్పు డేరా కూడా. ఆ డేరాను ఒకప్పుడు ఇక్కడ తోట విందులకు వేసేవారట! బందరులో కలంకారీ చూస్తూ పెరిగిన మా నాన్న "ఇది మన పనే" అని వాదనకు దిగారు. బుర్హాన్‌పూర్ పనితనమని నిపుణుల అంచనా అని చెప్పినా ఒప్పుకోలేదు. నేనూ ఎక్కువ లాగలేదు. 1759లో మచిలీపట్నం కోటను ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి లాక్కున్న కల్నల్ ఫోర్డ్‌ను పంపింది రాబర్ట్ క్లైవే మరి. మా నాన్నకు అక్కడ కొంచెం ఉక్రోషం ఉండటం న్యాయమే.

ఇప్పుడు కనిపించే రూపంలో చాలా భాగం 1902-04లో బోడ్లీ అనే వాస్తుశిల్పి చేసింది. మధ్యకాలంలో పెట్టిన, పైకీ కిందికీ జరిపే కిటికీలు చాలావాటిని తీసేసి, రాతి నిలువు కమ్మీల పాతకాలపు కిటికీలు పెట్టాడు. కాబట్టి "అబ్బా, ఎంత పాత కిటికీ" అనిపిస్తే కాస్త ఆగండి. ఆ పని చేయించిన నాలుగో ఎర్ల్ కొడుకులిద్దరినీ రెండు ప్రపంచయుద్ధాల్లో పోగొట్టుకున్నాడు. 1952లో ఆయన పోయాక కోట, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు వచ్చింది.

వెళ్లేటట్టయితే ఒక మాట. బర్మింగ్‌హామ్ నుంచి వెల్ష్‌పూల్‌కు నేరుగా రైలుంది, అక్కడి నుంచి నడిచిపోవచ్చు, కానీ ఎక్కుడు. మొదటిసారి నేను తోటలో తిరిగి తిరిగి గదుల దగ్గరికి వెళ్లేసరికి మూసేశారు. తోటకంటే లోపలి గదులు ముందే మూస్తారు, ఆరోజు వేళలు చూసుకుని ముందు లోపలికి వెళ్లండి. పెద్దవాళ్లతో అయితే తోట కిందిదాకా దిగే ముందు ఆలోచించుకోండి. మా నాన్న దిగేటప్పుడు హుషారుగానే దిగారు, తిరిగి పైకి రావడానికి మూడు బెంచీలు పట్టాయి.