శ్రమల కాలం ఉపవాసం మూడు రోజులు తప్పింది, దేవుని కృప తగ్గుతుందా?

బ్రదర్, గాజువాక నుంచి మీరు అడిగింది ఇదీ: ప్లాంటులో షిఫ్టులు మారి శ్రమల కాలంలో (ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో) మూడు రోజులు ఉపవాసం తప్పింది, ఈ నెల దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) కూడా ఇవ్వలేదు, దేవుడు కృప, అంటే అర్హత చూడకుండా చూపే దయ, తగ్గిస్తాడా అని. తగ్గించడు. నాగా పెడితే కోత పడేది జీతానికి. బైబిల్లో రోమా 6:23లో జీతం, కృప రెండూ పక్కపక్కనే ఉన్నాయి: పాపంవల్ల వచ్చేది 'జీతము', దేవుడిచ్చేది 'కృపావరము'. ఆ జీతానికి గ్రీకు మాట ఒప్సోనియా, అంటే సిపాయి బత్తెం.

మత్తయి 20లోని ద్రాక్షతోట కథ మన జంక్షన్లలోని కూలీల అడ్డాలాంటిదే. తాపీ, గమేలా పట్టుకుని నిలబడ్డవాళ్లను మేస్త్రీలు పొద్దున్నే ఏరుకుపోతారు. ఎండెక్కాక మిగిలినవాళ్లు ఇంటిదారి పట్టాల్సిందే. ఈ యజమాని మాత్రం తెల్లవారగానే వెళ్లాడు, మళ్లీ 9కి, 12కి, 3కి, ఆఖరికి సాయంత్రం 5కీ వెళ్లాడు. పొద్దుటివాళ్లతో ఒక దేనారానికి (ఆ రోజుల్లో ఒక రోజు కూలికి) బేరం కుదిరింది. 9 గంటలవాళ్లకు ఏది న్యాయమో అది ఇస్తానన్నాడు. 5 గంటలవాళ్ల దగ్గర కూలి మాటే ఎత్తలేదు. సాయంత్రం అందరికీ అదే ఒక్క దేనారం ఇచ్చాడు. చివరివాళ్లకు ముందు ఇమ్మన్నాడు కాబట్టే పొద్దుటివాళ్లు చూసి సణిగారు. వరస మార్చి ఉంటే గొడవే లేదు. వాళ్ల కూలీలో పైసా తగ్గలేదు కూడా. అయితే ఈ పోలిక కొంతవరకే. చివరివాళ్లూ గంటసేపు పనిచేశారు కదా, రోమా 4:5 ఏకంగా 'పనిచేయక' విశ్వాసముంచేవాడి గురించే చెబుతుంది.

ఎఫెసీ 2:1-10 పెన్సిల్ పట్టుకుని ఒక్క బిగిన చదవండి. ప్రతి క్రియాపదం కింద గీత గీసి, ఆ పని ఎవరిదో పక్కన రాయండి. నాలుగో వచనంలో 'అయినను దేవుడు' దగ్గర కర్త మారిపోతాడు. తర్వాత ప్రత్యయాలు చూడండి: తొమ్మిదిలో 'క్రియలవలన కలిగినది కాదు', పదిలో 'సత్క్రియలు చేయుటకై'. వలన అంటే కారణం, కై అంటే ప్రయోజనం. ఉపవాసాన్నీ కానుకనూ పదో వచనంలోంచి తీసి తొమ్మిదిలో పెట్టుకుంటే మీకిప్పుడున్న ఈ భయం పట్టుకుంటుంది.

కృప ఉచితమే కదా అని పాపంలోనే ఉండిపోవడం ఇంకో తప్పు. రోమా 6:1-2 దాన్ని రెండు వచనాల్లో కొట్టిపారేసింది, నేనూ సాగదీయను.

ఇక ఉపవాసం సంగతి. శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. 6 ఆదివారాలు తీసేస్తేనే 40. లెక్కలోనే తినే రోజులున్నాయన్నమాట. తప్పిన మూడింటికి ఇంకో మూడు కలపకండి, అది వడ్డీ కట్టడం. రేపటి నుంచి మామూలుగా కొనసాగించండి. ఈ ఉక్కపోతలో డ్యూటీ చేస్తూ మంచినీళ్లు మానేస్తే మాత్రం భక్తి కన్నా ముందు కళ్లు తిరుగుతాయి. షుగర్ మందులు వాడుతుంటే డాక్టర్ని అడగకుండా ఏదీ మానొద్దు.

దశమభాగం కోసం అప్పు చేయకండి. ఇంతిస్తే ఇంత దీవెన అని కూటంలో ఎవరైనా రేటు చెబితే అపొస్తలుల కార్యములు 8:20 తెరిచి చూపించండి. దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయిన సీమోనుకు పేతురు ఇచ్చిన జవాబు అక్కడుంది: 'నీ వెండి నీతోకూడ నశించునుగాక.'