ఈకేఎస్‌లో (అమెజాన్ కుబెర్నెటీస్ సర్వీస్) పాడ్‌లన్నీ ఒకే ఫోల్డర్ వాడుకోవాలంటే ఏం చేయాలి?

వేర్వేరు నోడ్‌ల (సర్వర్ల) మీద ఉన్న పాడ్‌లు (యాప్ నడిచే కంటైనర్లు) ఒకే ఫోల్డర్‌లో రాయాలంటే ఈబీఎస్ (అమెజాన్ డిస్క్ స్టోరేజ్) పనికిరాదు. ఆ డిస్క్ ఒకే అవైలబిలిటీ జోన్‌లో (రీజియన్‌లోని ఒక విడి డేటాసెంటర్ భాగంలో) ఉండిపోతుంది. మీకు కావలసింది ఈఎఫ్‌ఎస్ (అమెజాన్ షేర్డ్ ఫైల్ స్టోరేజ్), రీడ్‌రైట్‌మెనీ మోడ్‌లో, అంటే చాలా నోడ్‌లు ఒకేసారి చదివి, రాయగలిగేలా.

ఈఎఫ్‌ఎస్ సీఎస్‌ఐ డ్రైవర్ (క్లస్టర్‌ను ఈఎఫ్‌ఎస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, దానికి ఐఏఎం రోల్ (ఏడబ్ల్యూఎస్ అనుమతులు) ఇవ్వండి. నోడ్‌లున్న ప్రతి జోన్‌లోనూ మౌంట్ టార్గెట్ (నోడ్‌లు ఈఎఫ్‌ఎస్‌కు కనెక్ట్ అయ్యే చోటు) ఉండాలి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: పాడ్ ‘కంటైనర్‌క్రియేటింగ్’ దగ్గరే ఆగిపోతుంది, కుబెక్టీఎల్ డిస్క్రైబ్ కమాండ్‌తో చూస్తే మౌంట్ టైమవుట్ కనిపిస్తుంది. టెన్షన్ పడకుండా ముందు మౌంట్ టార్గెట్ సెక్యూరిటీ గ్రూప్ (ఫైర్‌వాల్ నియమాలు) చూడండి. ఈఎఫ్‌ఎస్ నడిచేది ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్) మీద కాబట్టి నోడ్‌ల నుంచి టీసీపీ 2049 పోర్ట్ తెరిచి ఉండాలి.

పీవీసీలో (పాడ్ కోసం స్టోరేజ్ అడిగే అభ్యర్థన) సైజు రాయక తప్పదు కానీ, ఈఎఫ్‌ఎస్ ఆ హద్దును పట్టించుకోదు. డేటా ముఖ్యమైతే స్టోరేజ్‌క్లాస్‌లో (స్టోరేజ్ ఎలా ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) రీక్లెయిమ్ పాలసీ ‘రిటెయిన్’ పెట్టండి, పీవీసీ తీసేసినా డేటా ఉంటుంది. డేటాబేస్‌కు మాత్రం ఈబీఎస్సే మేలు.