కంచె నిండా ఆకులే, పూలేవీ?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరండి, రోడ్డు వైపు కంచెకని కాగితంపూల మొక్కలు వరసగా పెట్టాం, ఏపుగా పెరిగాయి గానీ అన్నీ ఆకులూ ముళ్లే. రోజూ నీళ్లు పోస్తున్నాం, యూరియా కూడా వేశాం. ఇంకేం వెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇంకేం వెయ్యకండమ్మా, వేసేవే ఆపండి! యూరియాతో ఆకు పెరుగుద్ది గానీ పువ్వు రాదు. నేలలో పాతుకున్న మొక్కకి రోజూ నీళ్లెందుకు, పైన రెండంగుళాల మట్టి పొడిగా అయ్యాకే పొయ్యండి, కాస్త దాహం తెలిస్తేనే మొగ్గేస్తుంది. ఎండ మాత్రం రోజుకి ఆరు గంటలన్నా తగలాలి, వేపచెట్టు నీడలో పెట్టి పూలు రాలేదంటే దాని తప్పు కాదు. ఇంకోటి, కంచె నీటుగా ఉండాలని వారం వారం కత్తెరేస్తారు కొందరు, పూలొచ్చేది కొత్త చిగుళ్ల చివర్లోనే కదా, అవే తెగిపోతున్నాయన్నమాట. ఒక విడత పూత అయిపోయాక పొడుగు కొమ్మలు కత్తిరించి వదిలెయ్యండి, చేతులకి మందపాటి గ్లవుజులు వేసుకుని. అన్నట్టు ఆ గులాబీరంగు రేకులు పువ్వు కాదు, రంగు మారిన ఆకులే, మధ్యలో ఉండే చిన్న తెల్లదే అసలు పువ్వు. కంచెలో ఖాళీలుంటే వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మలు ఇసక కలిపిన మట్టిలో గుచ్చండి, అవి వేళ్లూనాక తీసి కంచెలో నాటేటప్పుడు వేళ్ల దగ్గర మట్టి మాత్రం దులపొద్దు.